కాలు పెట్టని గుహకు దారి చెప్పినవాడు

పడవ ఒడ్డు తాకకముందే కంపు ఎదురొచ్చి పలకరించింది. ఎండబెట్టి మరిచిపోయిన చేపలు, వాటి మీద ముసిరిన ఈగలు, గట్టు కింద నిలిచిపోయిన నల్లటి నీళ్లు, అన్నీ కలిసిన కంపు అది. నూకరత్నం మెడలోని తువాలును ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒడ్డున ఉన్న రేకుల షెడ్డు వంక చూసింది. షెడ్డుకు మూడు గోడలే ఉన్నాయి. నాలుగో గోడ ఉండాల్సిన చోట ఒక మేక తీరిగ్గా నెమరు వేస్తోంది.

"విక్రాంత్ గారూ, మీరు రాసిన విడిది ఇదేనాండీ?" అంది. "సరస్సు వైపు కిటికీలు, పొద్దస్తమానం వేణ్ణీళ్లు అని రాసేరు కదా! కిటికీ మాట దేవుడెరుగు, ఇక్కడ గోడకే దిక్కులేదు."

విక్రాంత్ నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు. "మేనేజ్‌మెంట్ మారినట్టుంది రత్నం గారూ. ఆఫ్రికాలో ఇవన్నీ మామూలే," అన్నాడు.

అతనికి అన్నీ మామూలే. ప్రపంచంలో తొంభై దేశాలు తిరిగానని చెప్పుకునే మనిషి. ఎవరూ వెళ్లని దేశాల గురించి తెలుగులో సమస్త సమాచారం ఇస్తానని అతను నడిపే సైటుకు లక్షల మంది పాఠకులు. అందులో "గబాన్ - సంపూర్ణ యాత్రాదర్శిని" అనే పేజీ చదివే నూకరత్నం తమ్ముడు గంగరాజు మతి పోగొట్టుకున్నాడు. మధ్య ఆఫ్రికా పడమటి తీరంలో ఉన్న ఆ దేశపు అడవిలో ఒక గుహ ఉందట. పూర్వం ఏనుగు దంతాలు కొనడానికి వచ్చిన ఒక తెల్లదొర, జనం తిరగబడేసరికి తన నిధిపెట్టెను ఆ గుహలో దాచి పారిపోయాడట. ఆ పెట్టె కోసం విక్రాంత్ యాత్ర కట్టాడు. కెమెరా పట్టడానికి గంగరాజును రమ్మన్నాడు. అక్కడివాళ్లు మాట్లాడేది ఫ్రెంచి కాబట్టి, యానాం బడిలో ఫ్రెంచి పాఠాలు చెప్పే నూకరత్నాన్ని దుబాసీగా రమ్మన్నాడు.

ఆమె వచ్చింది నిధి కోసం కాదు. తల్లి పోయినప్పటి నుంచి గంగరాజును చంకనేసుకుని పెంచింది ఆమే. వాడిని ఈ నల్లకళ్లద్దాల మనిషి చేతికి ఒంటరిగా అప్పగించడానికి మనసొప్పలేదు. బయల్దేరే ముందు తనకు తెలిసిన ఫ్రెంచితో ఆ గుహ గురించి దొరికినవన్నీ వెతికింది. ఏ సైటు తెరిచినా అవే మాటలు, అదే వరస. అందరూ పెట్టిన జలపాతం బొమ్మ కూడా ఒకటే. ఆ జలపాతం ఏకంగా వేరే దేశానిది. ఆ సంగతి చెబితే గంగరాజు విసుక్కున్నాడు. "అందరూ ఒకటే రాసేరంటే నిజమన్నమాటే కదక్కా! నువ్వు ప్రతిదానికీ శంకిస్తావేంటే?" అన్నాడు. ఆమె సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

నౌకలు ఆగే పట్నం నుంచి ఇక్కడికి గంటకో పడవ ఉంటుందని రాశాడు విక్రాంత్. ఉన్నది ఒకే ఒక్కటి. అదీ కోళ్లతో, కర్రపెండలం మూటలతో, కడుపు తిప్పి కక్కుకుంటున్న ఒక బస్తాల వ్యాపారితో కలిసి చేసిన ప్రయాణం. వ్యాపారి కక్కిందంతా నూకరత్నం సంచీ మీదే పడింది. ఆ మరక ఇంకా ఆరలేదు. ఏ నెలలోనైనా హాయిగా వెళ్లవచ్చని కూడా అతని పేజీలో ఉంది. ఆకాశం చూస్తే నల్లగా ఉరిమి ఉరిమి చూస్తోంది. వానాకాలం నడిమధ్యకు వచ్చి పడ్డామని పడవవాళ్లు నవ్వుకుంటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఊరి పెద్ద ఒనొరీన్ అనే ఆవిడ. అరవై దాటిన మనిషి, భారీ విగ్రహం, తలకు ఆకుపచ్చ గుడ్డ, మూడు పడవలకు యజమానురాలు. అరుగు మీద కూర్చుని పొగబెట్టిన చేప ఒలుచుకుంటోంది. నూకరత్నం దగ్గరికెళ్లి "ఎంబోలో అమ్మా" అని ఆ దేశపు పలకరింపుతో దణ్ణం పెట్టింది. ఆవిడ ముఖం వికసించింది. ముగ్గురికీ పీటలు వేయించింది.

విక్రాంత్‌కు కూర్చునే ఓపిక లేదు. "గుహ తూర్పునే కదా? నడిస్తే అరగంటే కదా? అడగండి," అన్నాడు నిలబడే.

నూకరత్నం అడిగింది. ఒనొరీన్ చేపముల్లు తీసి పక్కన పెట్టి, అతని వంక చూడకుండా జవాబు చెప్పింది. "పట్నంలో ఇలా అడిగితే అవునవునంటారు. అడిగినవాడి మనసు నొప్పించకూడదని అంటారు. మా ఊళ్లో అలా కాదు తల్లీ. ఇక్కడ దారి చెప్పడమంటే నోటితో చెప్పి ఊరుకోవడం కాదు. చెప్పినవాళ్లే ముందు నడవాలి. పోయినవాళ్లు తిరిగి రాకపోతే వెతకడానికి కూడా చెప్పినవాళ్లే వెళ్లాలి. అందుకే కాలికి తెలియని దారి మేం చెప్పం. ఆ గుహలో రెండో గది దాకా నా కాలికి తెలుసు. అక్కడిదాకా తీసుకెళతా. ఆపైన మా ఊళ్లో ఎవరి కాలికీ తెలియదు."

ఈ మాటలు తెలుగులో వినగానే విక్రాంత్ చేతులు చాపి నవ్వాడు. "అంతేనా! ఆపైన నాకు తెలుసని చెప్పండి. రెండో గదిలో ఎడమవైపు సొరంగం పట్టుకుంటే కొండ అవతల బయటపడతాం. అద్భుతమైన దృశ్యం. పెట్టె ఆ సొరంగంలోనే ఉంటుంది."

ఒనొరీన్ ఒలవడం ఆపేసింది. మొదటిసారి అతన్ని తల నుంచి పాదాల దాకా చూసింది. "నీ కాళ్లు వెళ్లాయా?" అని అడిగింది.

నూకరత్నం ఆ ప్రశ్నను అతనికి అందించింది. విక్రాంత్ కాస్త తడబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు. "వెళ్లాననే చెప్పండి. ఇప్పుడు ఈవిడకు వివరాలన్నీ ఏం చెబుతాం!"

"నిజంగా వెళ్లేరాండీ?"

"అబ్బ, రత్నం గారూ! నా పేజీలో ఉంది కదా! ఇంకో నాలుగు సైట్లలో కూడా ఉంది. మీ పని అనువాదం. అనువదించండి."

గంగరాజు పక్కనుంచి అక్క వంక బతిమాలుతున్నట్టు చూశాడు. నూకరత్నం నాలుక ఒక్క క్షణం మొరాయించింది. ఆ తర్వాత, "వెళ్లాయట," అంది ఫ్రెంచిలో.

ఒనొరీన్ తల ఊపింది. ఇంకొక్క ప్రశ్న అడగలేదు, అనుమానం పడలేదు. నడవని దారిని నడిచానని చెప్పే మనిషి ఉంటాడన్న ఊహే ఆ ఊళ్లో ఎవరికీ లేదు. "మంచిది. రెండో గది దాకా దారి నాది. ఆపైన నీది," అని చెప్పి చేతులు కడుక్కోవడానికి లేచింది.

తెల్లవారగానే బయలుదేరారు. అడవిలోకి అడుగుపెట్టగానే అరగంట మాట ఎగిరిపోయింది. మోకాళ్ల దాకా బురద. బురదలో ఏనుగుల అడుగులు, ఒక్కొక్క అడుగు ఒక్కొక్క గుంట, గుంట నిండా పసుపు పచ్చని నీళ్లు, నీళ్ల నిండా పురుగులు. ఆకుల మీంచి జలగలు రాలి మెడ వెనక్కి జారేవి. చెమటకు ఆశపడి సన్నటి ఈగలు కళ్లలోకి, ముక్కులోకి, నోట్లోకి దూరేవి. గంగరాజు ఒకదాన్ని మింగేసి వాక్ వాక్ అంటూ చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. "దోమలు ఉండవని రాసేరు కదండీ!" అని అరిచాడు. "దోమలు కావు కదా, ఈగలు," అన్నాడు విక్రాంత్, నవ్వకుండానే.

ఒనొరీన్ కత్తితో తీగలు నరుక్కుంటూ ముందు నడిచింది. ఒక్కచోట కూడా వెనక్కి తిరిగి దారి వెతుక్కోలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కొండ అడుగున నల్లగా నోరు తెరుచుకుని గుహ కనిపించింది. దాని గొంతులోంచి సన్నటి వాగొకటి బయటికి వస్తోంది. వాగుతోపాటు వచ్చిన వాసనకు నూకరత్నం రెండడుగులు వెనక్కి వేసింది. వేల గబ్బిలాలు ఏళ్ల తరబడి వేసిన పెంట ఆ వాసన. కళ్లు మండి నీళ్లు కారాయి.

"దీపాలు వెలిగించండి! నెత్తికి గుడ్డ చుట్టుకోండి! నోరు తెరిచి పైకి చూడకండి!" ఒనొరీన్ ఆజ్ఞలు గుహ గోడలకు కొట్టుకుని తిరిగొచ్చాయి.

మొదటి గదిలో నేలే కనిపించలేదు. గబ్బిలాల పెంట మడమలు దాటి మెత్తగా, వెచ్చగా దిగబడుతోంది. వెచ్చగా ఉండడమే అన్నిటికన్నా అసహ్యంగా తోచింది నూకరత్నానికి. దానిలో బొద్దింకలు బుసబుసమని కదులుతున్నాయి. పైనుంచి చినుకులు పడుతున్నాయి. అవి నీటి చినుకులు కావు. రెండో గది మధ్యలో గోధుమరంగు నీటి మడుగు ఉంది. దీపం అటు తిప్పగానే రెండు కళ్లు ఎర్రగా మెరిశాయి.

"మొసలి!" గంగరాజు కేక వేశాడు.

ఆ మడుగులో ఏళ్ల తరబడి నాని దాని ఒళ్లు పండిన నారింజ రంగుకు తిరిగింది. బారెడుకు మించి పొడవు లేదు. నోటి చివర ఒక గబ్బిలం రెక్క వేలాడుతోంది. "దాని జోలికి మనం పోకుంటే మన జోలికి అది రాదు. గోడ వారగా నడవండి," అంది ఒనొరీన్. అప్పటికే విక్రాంత్ ముఖం పాలిపోయింది. గుడ్డ విప్పి గోడకు తిరిగి భళ్లున కక్కాడు.

మూతి తుడుచుకుని, "మనం ప్లాన్ మారుద్దాం," అన్నాడు. "గంగా, నువ్వు ఆ ఎడమ సొరంగంలోంచి ముందు వెళ్లు. పెట్టె కనిపిస్తే తీసి పెట్టు. అవతల బయటికి పోయి కెమెరా పట్టుకుని ఉండు. నేను గుహ మొదట్లో నాలుగు మాటలు చెప్పి వస్తాను. నేను అవతల వెలుగులోకి వచ్చే దృశ్యం నువ్వు తీయాలి."

"ఆడొక్కడేనా?" అంది నూకరత్నం.

"పది నిమిషాల నడకండీ! చిన్నపిల్లాడా ఏమన్నానా!"

"నేను ఎల్లొత్తానక్కా, నువ్వు కంగారు పడకు," అంటూ గంగరాజు అప్పటికే వంగి సొరంగంలోకి దూరాడు. దారి చెప్పినవాడే ముందు నడవాలి కదా అని ఒనొరీన్ అంది. అప్పటికే వాడి దీపం గోడల మీద ఊగుతోంది. ఆ తర్వాత మలుపు తిరిగి మాయమైంది.

మిగిలిన ముగ్గురూ గుహ మొదటికి వచ్చారు. విక్రాంత్ ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, ఫోను ఒక కొమ్మకు తగిలించి గంభీరంగా మాట్లాడడం మొదలుపెట్టాడు. "మిత్రులారా! మానవుడు అడుగుపెట్టని ఈ చీకటి లోకంలో..." కొండపైన ఎక్కడో ఉరిమింది. అతను మళ్లీ మొదలుపెట్టాడు. జుట్టు చెదిరిందని మళ్లీ మొదలుపెట్టాడు. నూకరత్నానికి ఆ గొంతు వింటుంటేనే ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంది. ఆమె వాగు వైపు చూస్తూ కూర్చుంది. అందుకే ముందుగా ఆమెకే కనబడింది. తేటగా వస్తున్న వాగు ఎర్రగా మారింది. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. ఇందాక ఆమె చెప్పులు పెట్టిన రాయి నీళ్లలోకి వెళ్లిపోయింది.

"అమ్మా! నీళ్లు!" అంది.

ఒనొరీన్ లేచి నిలబడింది. "కొండ మీద వాన. లోపల మడుగు పొంగుతుంది. కుర్రాడు అవతల బయటపడే ఉంటాడులే. దారి ఉందన్నాడు కదా ఇతను."

నూకరత్నం విక్రాంత్ వైపు తిరిగింది. అతను కొమ్మకు తగిలించిన ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆ సొరంగం అవతల ఏముంది?"

"అంటే... ఉండాలి."

"ఉండాలేంటి? మీరు చూసేరా, లేదా?"

"రత్నం గారూ, ఆ పేజీ రాసేటప్పుడు నేను ఈ దేశానికే రాలేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఎక్కడా సరైన సమాచారం దొరకలేదు. ఉన్న కాస్తా నాలుగు చోట్ల నుంచి తీసి అతికించాను. గుహ గురించిన పేరా మరీ చిన్నదిగా ఉందని, ముగింపు బాగుంటుందని... ఆ రెండో ద్వారం నేనే కలిపాను. తర్వాత అదే మాట ఇంకో నాలుగు సైట్లలో కనిపించింది. అప్పుడు నిజమేనేమో అనుకున్నాను."

ఆ కంపునంతా అంతసేపూ ఓర్చుకున్న నూకరత్నం ఇప్పుడు అతని దగ్గర్నుంచి దూరంగా జరిగింది. గబ్బిలాల పెంటను కడుక్కోవచ్చు. వాడి అబద్ధం ఊరూరా తిరిగి నలుగురి సాక్ష్యంతో వాడి దగ్గరికే వస్తే దాన్ని వాడు నమ్మాడు! ఆ నమ్మకంతో ఆమె తమ్ముణ్ణి చీకట్లోకి తోశాడు! ఆమె ఆ మాటలన్నీ ఒనొరీన్‌కు చెప్పింది, ఒక్కటి కూడా వదలకుండా. 

ఒనొరీన్‌కు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుంది. అర్థమయ్యాక ఆవిడ ముఖంలో కనిపించింది కోపం కాదు. కుళ్లిన మాంసం మీద చేయి పడ్డప్పుడు మనిషి పెట్టే ముఖం అది.

"దారి చెప్పినవాడివి నువ్వు. వెళ్లు. తీసుకురా," అంది అతనితో.

విక్రాంత్ కొండరాయికి అంటుకుపోయాడు. "నాకు ఈత రాదు. నాకు ఆస్తమా ఉంది. రెస్క్యూ వాళ్లను పిలుద్దాం, నంబరు నా పేజీలో..." అని ఆగిపోయాడు. ఆ నంబరు కూడా ఎక్కడి నుంచి అతికించాడో అతనికే తెలియదు.

"నువ్విక్కడే చావు!" నూకరత్నం అరిచింది. అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. "అమ్మా, ఆ అబద్ధం నా నోటితోనే నీకు చెప్పేను. వెళ్లేది నేనే. తాడు ఇవ్వు!"

ఒనొరీన్ పడవ మోకు భుజానికి వేసుకునే వచ్చింది. ఇద్దరూ లోపలికి పరుగెత్తారు. మొదటి గదిలో పెంట ఇప్పుడు చిక్కటి అంబలిలా కదులుతోంది, పిక్కల దాకా వచ్చింది. రెండో గదిలో మడుగు గట్లు దాటేసింది. మొసలి ఎక్కడుందో కనిపించలేదు. సొరంగం మొదట్లో ఒనొరీన్ మోకు ఒక కొసను నూకరత్నం నడుముకు బిగించి, రెండో కొసను తన చేతికి చుట్టుకుంది.

"ఒకసారి లాగితే వదులుతా. రెండుసార్లు లాగితే నేను లాగుతా. వెళ్లు తల్లీ!"

నూకరత్నం వలలు లాగే ఇంట్లో పుట్టింది. గోదావరి పాయలో మునిగి పడవ కింద నుంచి అవతలికి తేలిన మనిషి. నీటికి ఆమె భయపడలేదు. కానీ అది నీరు కాదు. చిక్కగా, జిగటగా, వెచ్చగా ఉన్న ఏదో. నోరు బిగించి, మోచేతుల మీద పాకుతూ సొరంగంలోకి దూరింది. చచ్చిన గబ్బిలాలు ముఖానికి తగులుతున్నాయి. ఒకటి చెవి దగ్గర ఇంకా కొట్టుకుంటోంది.

"గంగా! ఒరేయ్ గంగా!"

"అక్కా!" ఎక్కడో ముందు నుంచి కేక. "అక్కా, ఇక్కడ దారి లేదే! మూసుకుపోయింది!"

మలుపు తిరగగానే సొరంగం చిన్న గదిలా వెడల్పయింది. నాలుగు వైపులా నున్నటి బండ. పైన కూడా బండే. గంగరాజు తొడల దాకా పెంటలో కూరుకుపోయి, కెమెరా నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. కదిలినకొద్దీ దిగబడుతున్నాడు. నీళ్లు వాడి నడుముకు వచ్చాయి. వాడి వెనక, బండ అరుగు మీద, తుప్పుపట్టిన ఇనపబద్దీల పెట్టె ఒకటి ఉంది. మూత పక్కకు పడి ఉంది.

"దొరికిందక్కా! నిజంగానే ఉందే! కానీ..." వాడు తలతో వెనక్కి చూపించాడు. "చూడు."

నూకరత్నం దీపం అటు తిప్పింది. పెట్టె నిండా కడియాలు. దంతపువి, రాగివి, కొన్ని బంగారువి కూడా. వాటి మధ్య ఇనప సంకెళ్లు. మనిషిని బానిసగా ఓడలోకి ఎక్కించేముందు చేతుల నుంచి, కాళ్ల నుంచి ఊడబెరికిన కడియాలవి. రానివాటిని కోసి తీశారు కాబోలు, కొన్నిటికి గాట్లు ఉన్నాయి. పైన ఒక చిన్న రాగి కడియం ఉంది. ఆమె రెండు వేళ్లు కూడా దానిలో పట్టవు. అలాంటివి కింద ఇంకా ఉన్నాయి, గుప్పెళ్ల కొద్దీ.

 ఆ దొర దంతాలు కొనడానికి వచ్చాడని అన్ని సైట్లూ రాశాయి. ఒక్కడు కూడా ఇది రాయలేదు.

"వదిలెయ్. చెయ్యి పెట్టకు," అంది. "ఆ మూత ఇటు తొయ్యి!"

పెట్టె మూతను పెంట మీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని, తమ్ముడి చంకల కింద చేతులు వేసింది. "కెమెరా పారెయ్!"

"అక్కా, అందులో అంతా..."

"పారెయ్ రా ఎదవా!"

కెమెరా బుడుంగుమంది. ఆమె బలమంతా పెట్టి లాగింది. పెంట వాణ్ణి వదలనంది. చప్పరింపు లాంటి చప్పుడు చేస్తూ ఒక కాలు వచ్చింది. రెండో కాలు చెప్పుతో సహా ఇరుక్కుంది. నీళ్లు ఇద్దరి గడ్డాల కిందికి చేరాయి. అప్పుడే నీటి మీద నారింజరంగు వీపు ఒకటి కదిలి వాళ్ల పక్కనుంచి జారిపోయింది. గంగరాజు గావుకేక పెట్టాడు. భయంతో వాడు ఒళ్లంతా విదిలించిన విదిలింపుకే కాలు ఊడి వచ్చింది.

"ఊపిరి బిగించు! తాడు పట్టుకో! కళ్లు మూసుకో! వదిలేవంటే చంపేత్తాను!" అని మోకును రెండుసార్లు లాగింది.

మోకు బిగుసుకుంది. తిరిగి వచ్చే దారిలో ఒక చోట సొరంగం కప్పు దాకా నిండిపోయింది. అక్కాతమ్ముళ్లు ఆ చిక్కటి చీకట్లో మునిగారు. నోరు బిగించినా ఆ రుచి పళ్ల సందుల్లోంచి దూరింది. రాయి భుజాన్ని చీరింది. ఊపిరి చాలక ఛాతీ పగిలేలా ఉంది. ఆమె ఒక చేత్తో తమ్ముడి చొక్కా కాలరు పట్టుకునే ఉంది. మోకు లాగుతూనే ఉంది, లాగుతూనే ఉంది, ఉన్నట్టుండి ఒక లావుపాటి చేయి ఆమె జుట్టు పట్టుకుని పైకి ఎత్తింది.

ఒనొరీన్ సొరంగం మొదట్లో లేదు. మలుపు దగ్గరికి వచ్చేసింది. నీళ్లు రొమ్ముల దాకా ఉన్నాయి, తలగుడ్డ ఎటో పోయింది. "నడవండి! నడవండి! తర్వాత ఏడుద్దురుగాని!" అని అరుస్తూ ఇద్దరినీ ముందుకు తోసింది.

గుహ బయటికి వచ్చేసరికి కొండ మీద వాన వెలిసింది. ముగ్గురూ నేల మీద పడి దగ్గుతూ, కక్కుతూ, ఉమ్ముతూ ఉండిపోయారు. ఒంటి మీద ఎక్కడ చర్మమో ఎక్కడ పెంటో తెలియడం లేదు. నూకరత్నం తమ్ముడి ముఖం రెండు చేతులతో పట్టుకుని, కళ్లు తెరిపించి చూసి, చెంప ఛెళ్లుమనిపించింది. ఆ తర్వాత వాణ్ణి గుండెకు అదుముకుని బావురుమంది. గంగరాజు కూడా ఏడ్చాడు.

"పెట్టె నిజంగానే ఉందండీ," అన్నాడు వాడు విక్రాంత్‌ను చూసి, మాట్లాడకుండా ఉండలేక. "బంగారం కూడా ఉంది."

చెట్టు కింద బూట్లు తుడుచుకుంటున్న విక్రాంత్ ఎగిరి నిలబడ్డాడు. "ఉందా! చూశారా! మరి నేను రాసింది నిజమే కదా! నేను చెప్పలేదూ?"

నూకరత్నం అతనికి జవాబు చెప్పలేదు. ఒనొరీన్ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, పెట్టెలో ఏముందో చెప్పింది. పెద్ద కడియాల గురించి, గాట్ల గురించి, ఆ చిన్న రాగి కడియం గురించి చెప్పింది. ఒనొరీన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. 

"మా అమ్మమ్మకు అమ్మమ్మ రేవులో దాక్కుని బతికిందట," అంది. "ఆమె చెల్లెలు దొరికిపోయింది. ఇంకా పాలుతాగే పిల్ల అట. దొర పెట్టెలో బంగారం ఉందని పట్నంవాళ్లు కథలు చెబుతుంటే మేం పట్టించుకోలేదు. మావాళ్ల ఒంటి మీదివని తెలిస్తే ఊరుకునేవాళ్లమా!" బురద చేతులతోనే కళ్లు తుడుచుకుని నూకరత్నం వంక చూసింది. "ఇప్పుడు నీ కాలికి ఆ దారి తెలుసు."

"తెలుసమ్మా. వానలు వెనకబట్టి నీళ్లు తీశాక కబురు పెట్టు. నేను వత్తాను. నేనే ముందు నడుత్తాను. అవి మీ ఊరికి తెచ్చుకుందాం."

ఫ్రెంచిలో మొదలైన ఆ మాట ఆఖరికొచ్చేసరికి తెలుగులోకి జారిపోయింది. ఒనొరీన్‌కు అర్థమైందో లేదో గానీ, ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

విక్రాంత్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏంటి, ఏమంటోంది? రత్నం గారూ, జరిగిందేదో జరిగింది. మీరు కళ్లారా చూశారు కాబట్టి ఆ సొరంగం ఎంత పొడవు, మలుపు ఎక్కడ, పెట్టె ఎటువైపు, అది నాకు కరెక్టుగా చెప్పేయండి చాలు. ఈసారి పేజీలో పక్కా సమాచారం పెడతాను. మీ పేరు కూడా వేస్తాను."

నూకరత్నం తమ్ముడి భుజం ఆసరాతో లేచి నిలబడింది. ఆమె జుట్టులోంచి, చెవుల్లోంచి, చేతివేళ్ల మధ్య నుంచి ఇంకా పెంట కారుతోంది. అయినా ఎదురుగా నిలబడ్డ ఆ శుభ్రమైన మనిషిని చూసే ఆమె ముక్కు మూసుకుంది.

"ఈ ఊళ్లో దారి చెబితే వెంట నడవాలి. నువ్వు చిక్కుకుపోతే వెతకడానికి రావాలి," అంది. "నీకోసం నేను రాను."